కట్టివేసిన ప్రాణికి నీరిచ్చుట దానమా, ఋణమా?

భద్రాచల సీమలో వేసవి ఎట్లుండునో ఆ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. రోహిణీకార్తె నాటికి దుమ్ముగూడెము పరిసరములలో గోదావరి చిక్కిపోయి, మధ్యాహ్నవేళ ఇసుక తిన్నెలపై పాదము మోపరాకుండును. ఆ దినములలో బాటసారులకై చలివేంద్రము పెట్టుట పుణ్యకార్యమని మనమందరము నమ్ముదుము. మరి మన పెరటిలో గుంజకు కట్టిన గేదెకు, గొలుసుననున్న కుక్కకు, గంపక్రింద మూసిన కోడికి నీరును నీడయు కల్పించుట ఏమగును? అదియు పుణ్యమేనా?

అడవిలోని జింకను తలచుకొనుడు. అది మిట్టమధ్యాహ్నపు టెండలో నిలువదు. పొదలనీడ చేరి, ప్రొద్దు చల్లబడిన పిదప నీటిరేవునకు వచ్చును. దానికి మన దయతో పనిలేదు. మన పశువునకు ఆ తెలివి లేక కాదు, ఆ వీలు లేదు. ఉదయమున నీడలో కట్టిన పశువు మధ్యాహ్నమునకు ఎండలోనుండును. నీడ కదలినది గాని గుంజ కదలలేదు. దాని స్వేచ్ఛను మనము పలుపుతో తీసికొంటిమి. తీసికొన్నదానికి బదులు చెల్లించుట దానము కాదు, ఋణము.

"మేమును ఈ ఎండలోనే బ్రతుకుచున్నాము గదా" అని కొందరందురు. మనకు ఒడలంతయు చెమటపట్టి చల్లబడును. కుక్కకు పాదముల అడుగున తప్ప చెమట అంతగా పట్టదు. నాలుక చాచి వగర్చుటయే దానికి ప్రధాన సాధనము. గేదె చర్మము నల్లనిది, స్వేదగ్రంథులు తక్కువ. అందుచేతనే అది మడుగు వెదకుకొనును. కోడికి స్వేదగ్రంథులే లేవు. మనకు తాళగలిగిన ఎండ వానికిని తాళగలిగినదే యనుకొనుట పొరపాటు.

"మనుష్యులకే నీటికి కరవైనపుడు పశువుల మాట యేల?" అను ప్రశ్న మరింత బరువైనది. పాడిగేదె వేసవిలో దినమునకు 50 లీటర్లకు పైగా త్రాగును. బావినుండి బిందెలతో మోయు ఇల్లాలికి అది తేలిక కాదు. కావున ఋణవిచారము పలుపు వేయుటకు ముందే చేయవలెను. మోయగలిగినన్ని ప్రాణులనే సాకవలెను. తొట్టి నింపలేనివారు ప్రొద్దుటను సాయంకాలమును పలుపు విప్పి రేవునకు తోలవలెను. గుంజను చెట్టుక్రిందికి మార్చుటకు, రేకుల కప్పుపై ఆకులు పరచుటకు ధనము అక్కరలేదు.

మన దేశపు చట్టమును దీనిని దయాభిక్షగా భావింపలేదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, ప్రాణిని తన అధీనమున ఉంచుకొన్న ప్రతివాని మీదను దాని క్షేమభారము మోపినది. 1965 నాటి నియమములు, వేడి 37 డిగ్రీలు మించుచోట్ల పగలు 12 గంటలనుండి 3 గంటలవరకు పశువులచే బండి లాగింపరాదనుచున్నవి. మన సీమలో వేసవి దినములు మిక్కిలిగా ఈ హద్దును దాటునవే.

బసవ శబ్దము వృషభ శబ్దమునుండి వచ్చినది. నందికి నమస్కరించి వెలుపలికి వచ్చి, మిట్టమధ్యాహ్నమున బండియెద్దును ముల్లుకర్రతో అదలించుట ఎంతటి విపరీతము! దానము చేయువానికి తాను దాతనను భావము మిగులును. దాసోహమున ఆ భావమునకు చోటులేదు. పశువు తొట్టిలో నీరు పోయునపుడు కొంచెమైనను గొప్పతనము తోచినచో, అది ఇంకను దాసోహము కాలేదని గ్రహింపవలెను.

వగర్చుచు తూలి పడిపోయిన కుక్కను వెంటనే నీడకు చేర్చి, ఒడలు నీటితో తడిపి, విసరుచు, పశువైద్యునికి చూపవలెను. అంతవరకు రానీయకుండుటయే మేలు. మధ్యాహ్నభోజనమునకు కూర్చుండుటకు ముందు ఒక్కసారి పెరటిలోనికి పోయి, నీడ ఎచటికి జరిగినదో, తొట్టిలో నీరెంత మిగిలినదో చూచుట ప్రతి గృహస్థునకు నిత్యకృత్యము కావలెను.