ఒకే కొలత న్యాయమగునా?

ఎల్లవారిని ఒకే కొలతతో కొలిచినచో న్యాయము జరిగినట్లే యని మనము సామాన్యముగా తలంచుచుందుము. అంగడిలో ఈ సూత్రము చాలును. రోగి పడక యొద్దను ఇది చాలునా? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్ర మంచి పాఠము. తెలుగు వైద్యులు పెక్కురు అచ్చటి ఆసుపత్రులలో పనిచేయుచున్నారు గనుక, ఇది మనకు కేవలము పరాయి విషయమును గాదు.

1946లో ఆ ప్రభుత్వము ఆసుపత్రుల నిర్మాణమునకు ధనసహాయము చేయుచు నొక చట్టము చేసెను. సమానముగా నుండినచో తెల్లవారికిని నల్లవారికిని వేర్వేరు వసతులు ఉండవచ్చునని ఆ చట్టమే యనుమతించెను. వేరు చేయుట నిలిచెను. సమానత్వము కాగితముపైననే యుండెను. 1963లో నొక అప్పీలు న్యాయస్థానము ఆ నిబంధనను కొట్టివేసెను. 1965లో వృద్ధులకై మెడికేర్ అను ప్రభుత్వ బీమా యేర్పడి, మరుసటి సంవత్సరము జులైలో అమలునకు వచ్చెను. వర్ణభేదము పాటించు ఆసుపత్రికి ఆ సొమ్ము దక్కదని ప్రభుత్వము చెప్పగా, వేయికి పైగా ఆసుపత్రులు కొలది నెలలలోనే భేదమును ఎత్తివేసినవి. ధర్మోపదేశమునకు తెరువబడని తలుపులు ధనమునకు తెరువబడినవి. చట్టము మనసులను మార్చలేదని చెప్పువారు కలరు. నిజమే కావచ్చును, కాని మనసులు మారువరకు రోగి ఆగలేడు.

అయినను తలుపు తెరచినంతనే పని ముగియలేదు. 2010 నాటి చట్టము బీదల బీమాయగు మెడికెయిడ్‌ను విస్తరింపజూచెను. 2012లో సుప్రీముకోర్టు దానిని రాష్ట్రముల యిష్టమునకు విడిచెను. నల్లజాతివారు పెద్దసంఖ్యలో నివసించు టెక్సాస్, జార్జియా, మిసిసిపి, అలబామాలు ఆ విస్తరణమును స్వీకరింపలేదు. ఆ నిర్ణయములలో రంగు మాట లేదు; కాని ఫలము రంగును వెదకికొని పోయినది.

బీమా కలవారి మాట యేమి? ఎవరికి అదనపు సంరక్షణ అవసరమో నిర్ణయించుటకు అచ్చటి ఆసుపత్రులు ఒక గణనయంత్ర విధానమును వాడుచుండెను. అది రోగి రంగును అడుగదు. వైద్యమునకై సొమ్ము ఎంత వ్యయమగునో చూచి, దానినిబట్టి రోగతీవ్రతను ఊహించును. 2019లో పరిశోధకులు దీనిని పరీక్షింపగా, అంతే రోగముగల నల్లవారికి తక్కువ సొమ్ము వ్యయమగుచున్నందున, యంత్రము వారిని ఆరోగ్యవంతులుగా లెక్కించుచున్నట్లు తేలెను. ఈ లోపమును సవరించినచో అదనపు సహాయము పొందువారిలో నల్లవారి భాగము నూటికి 17.7 నుండి 46.5కు పెరుగునట!

వ్యయము తగ్గుట ఆరోగ్యమువలన గాదు. కూలి పోగొట్టుకొని వైద్యునికడకు పోలేని బీదతనము కొంత కారణము. అపనమ్మకము మరికొంత. 1932 నుండి 1972 వరకు అలబామాలోని టస్కీగీలో సవాయిరోగముగల నల్లవారికి, మందు దొరకిన పిమ్మటను ఈయక, ప్రభుత్వ వైద్యులే వారిని పరిశీలించుచు కూర్చుండిరి. అట్టి జ్ఞాపకము గలవారు ఆసుపత్రి మెట్లెక్కుటకు సంకోచించుట వింతయా? తొలుత అన్యాయము వారిని దూరముచేసెను. పిదప యంత్రము ఆ దూరమునే ఆరోగ్యమని వ్రాసికొనెను.

సమదృష్టి యనగా భేదములను చూడకుండుట యని మేమును చిరకాలము తలంచితిమి. ప్రశ్న యడుగని బాలునికి సందేహములు లేవని తరగతిలో పలుమారులు పొరబడితిమి. మన యిండ్లలో బాధ చెప్పుకొనని యిల్లాలిని ఆరోగ్యవతిగా నెంచుటయు ఇట్టి లెక్కయే గదా. అడిగినవారికెల్ల సమముగా నిచ్చుట సులభము. అడుగలేకపోయినవా రెవరో, ఏల యడుగలేదో విచారించుట కష్టము. న్యాయము ఆ కష్టముతోనే ఆరంభమగునని మా నమ్మకము.