ఎరుగనివారి మధ్య మనమెవరము?



మన సంఘములలో ఈ దినములలో ఒక క్రొత్త ప్రశ్న వినబడుచున్నది. పూర్వము మన పిల్లలు సముద్రము దాటిరనగా అది చదువు కొరకో, కూలి కొరకో, నర్సు ఉద్యోగము కొరకో జరిగినది. ఇప్పుడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో జీతము సంపాదించుకొనుచున్న బిడ్డ పండుగకు ఇంటికి వచ్చి, "అమ్మా, వచ్చే నెల స్నేహితులతో థాయ్‌లాండ్ వెళ్లి అయిదు రోజులుండి వస్తాను" అని చెప్పుచున్నాడు. అక్కడ పని యేమని తల్లి అడుగును. "పనేమీ లేదమ్మా, చూసి రావడానికే" అని అతడనును. ఆ రాత్రి తల్లిదండ్రులకు నిద్ర పట్టదు. మరునాడు గుడి మెట్లమీద నిలిచి, "అయ్యగారూ, ఇది తప్పా, ఒప్పా?" అని అడుగుదురు.

దీనికి తొందరపడి చెప్పు జవాబులు రెండు కలవు. ఇల్లు కారుచుండగా విమానము ఎక్కుట పాపమని కొందరు పెద్దలు చెప్పుదురు. లోకము చూడనివాడు బావిలో కప్ప, పోనిండని మరికొందరు చెప్పుదురు. ఈ రెండు జవాబులలోను ఒకే లోపమున్నది. రెండును పోవువానినే లెక్కించుచున్నవి. అతడు పోవు చోట ఎవరో నివసించుచున్నారు గదా! వారి మాట ఎవరును ఎత్తరు.

మొదట ఒక సంగతి తేల్చుకొందము. సంతోషించుట పాపము కాదు. ఆరు దినములు పనిచేసినవానికి ఏడవ దినమున విశ్రాంతి నియమించినవాడు దేవుడే. మార్కు సువార్త ఆరవ అధ్యాయము చూడుడి. శిష్యులు భోజనము చేయుటకైనను తీరిక లేక అలసియుండగా, ప్రభువు వారిని దోనెలో జనములేని చోటికి తీసికొనిపోయెను. నీటిమీదుగా విశ్రాంతికై పోవుట ఆయనకు తెలియని సంగతి కాదు. అయితే ఆ ఒడ్డున జనులు ముందుగానే గుమిగూడియుండిరి. ఆయన వారిని చూచి విసుగుకొనలేదు, కనికరపడెను. విశ్రాంతికి పోయిన చోటను ఆయన కన్నులు మనుష్యులను చూచుట మానలేదు.

ఇప్పుడు లూకా పదునైదవ అధ్యాయములోని చిన్న కుమారుని తలంచుకొందము. అతడు దూరదేశమునకు పోయినందుకే చెడిపోయెనని మనము ప్రసంగించుట కలదు. ఉపమానమును నెమ్మదిగా చదువుడి. తండ్రి ఆస్తిలో పాలు పంచియిచ్చెను, త్రోవకు అడ్డు నిలువలేదు. మరి అక్కడ ఏమి జరిగినది? చేత రూకలున్నంతకాలము అతడు కొనువాడుగా బ్రతికెను. రూకలు అయిపోయి కరవు వచ్చిన దినమున అతనికి పిడికెడు పెట్టువాడు ఒక్కడును లేకపోయెను. అంతకాలము ఆ దేశములో ఉండియు, ఆపదలో తలుపు తట్టదగిన ఒక్క యింటినైనను అతడు సంపాదించుకొనలేదు. ఇది ఆ కథలో మనము దాటిపోవు దుఃఖము.

మన ఊరిలో మనచుట్టు మూడు కంచెలున్నవి. మొదటిది పేరు. "ఫలానావారి అబ్బాయి" అన్న మాట నీకంటె ముందుగా వీధిలో నడచును. రెండవది భాష. నీవు తప్పు మాటలాడితివా, విన్న ప్రతివానికి అర్థమగును. మూడవది దినచర్య. ప్రొద్దున లేవవలెను, పనికి పోవలెను, ఆదివారము గుడికి రావలెను. పరదేశములో సెలవు గడుపు యౌవనునికి ఈ మూడు కంచెలును ఒక్కసారిగా తొలగిపోవును. అక్కడ అతడెవరి కుమారుడో ఎవరికి తెలియును? కావున సెలవు ప్రయాణము కేవలము వినోదము కాదు. మనిషి లోపల ఏమున్నదో బయటపెట్టు పరీక్ష అది.

ఈ పరీక్ష నేటిది కాదు. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దములలో ఇంగ్లండు ధనవంతులు చదువు ముగించిన కుమారులను ఫ్రాన్సు, ఇటలీ దేశములు చూచి రమ్మని పంపుచుండిరి. పారిస్, ఫ్లోరెన్సు, రోము, వెనిస్ చూచి, రెండు మూడేండ్లకు తిరిగివచ్చుట వారిలో వాడుక. కంచెగా ఉండుటకు ఒక ఉపాధ్యాయుని తోడు పంపుదురు. అర్థశాస్త్రమునకు మూలపురుషుడని పేరొందిన ఆడమ్ స్మిత్ గారు 1764లో గ్లాస్గో విశ్వవిద్యాలయములో తన ఉద్యోగము విడిచి, బక్లూ ప్రభువనబడిన 17 ఏండ్ల యువకునికి అట్టి తోడుగా ఫ్రాన్సుకు పోయెను. ఆ యువకుడు యోగ్యుడు, తరువాతను ఆయనను గౌరవించినవాడు. అయినను స్మిత్ గారు 1776లో ప్రచురించిన తన మహాగ్రంథములో ఈ వాడుకను గట్టిగా ఖండించెను. ఇట్లు పంపబడిన పిల్లలు మునుపటికంటె గర్వము, దుర్వ్యసనము మూటగట్టుకొని, ఏ పనికిని నిలకడ లేనివారై తిరిగివచ్చుచున్నారని ఆయన భావము. ఎదుట చెడిపోవుచున్న కుమారుని కొంతకాలమైనను కంటికి కనబడకుండ చేసికొనుటకే తండ్రులు పంపుచున్నారని కూడ ఆయన వ్రాసెను. ఆ మాట తండ్రులకు గ్రుచ్చుకొనవలసినదే.

ఆ ప్రభువునకు 17 ఏండ్లు. యోసేపును అన్నలు అమ్మినప్పుడు అతనికిని 17 ఏండ్లే. అతనికి తోడు వచ్చిన ఉపాధ్యాయుడు లేడు. ఐగుప్తులో అతని తండ్రి పేరు ఎరిగినవాడు లేడు. పోతీఫరు ఇంటిలో తలుపులు మూసియున్నప్పుడు చూచు మనుష్యుడును లేడు. అతడు సెలవుకు పోయినవాడు కాడు, బానిసగా పోయినవాడు. అయినను కంచె తన లోపల ఉన్నది గనుక నిలిచెను. కావున తల్లిదండ్రులారా, పిల్లవాడు విమానమెక్కు దినమున కంచె కట్టుట సాధ్యము కాదు. అది ఇరువది యేండ్లుగా మన ఇంటి వసారాలో కట్టబడియుండవలెను, లేక లేనట్లే.

కాలము మారి ఈ ప్రయాణములు సామాన్యులకును అందినవి. థామస్ కుక్ అను బాప్టిస్టు సువార్తికుడు 1841లో మద్యపాన నిషేధ సభ కొరకు సుమారు 500 మందిని మనిషికి ఒక షిల్లింగు చొప్పున రైలులో లెస్టరునుండి లఫ్‌బరోకు తీసికొనిపోయెను. తరువాత ఆయన ప్రయాణముల ఏర్పాటునే వృత్తిగా చేసికొనెను. జర్మనీ దేశములో రిచర్డ్ షిర్‌మాన్ అను బడిపంతులు 1909లో పిల్లలను కాలినడకన తీసికొనిపోవుచుండగా పెద్ద గాలివాన కొట్టెను. వారు ఆ రాత్రి ఒక పల్లెటూరి బడిలో తలదాచుకొనిరి. సెలవులలో ఖాళీగానుండు బడులు యౌవన ప్రయాణికులకు బస కాగూడదా అని అతనికి అప్పుడు తోచెను. దానినుండి యువజన వసతిగృహములు పుట్టి దేశదేశములకు వ్యాపించెను. ఆ గృహములలో చాలకాలము ఒక నియమముండెను. బస చేసినవాడు తన పక్క తానే సర్దుకొని, గది ఊడ్చి, పాత్రలు కడిగి పోవలెను. డబ్బు చెల్లించినంత మాత్రమున అతడు యజమాని కాడు. ఈ చిన్న నియమములో గొప్ప ధర్మమున్నది. చీపురు పట్టినవానికి ఆ ఇంటిలో ఎంత దుమ్ము లేచునో తెలియును.

సోదరులారా, త్రాగుడు, జూదము, వ్యభిచారము మాత్రమే పరదేశములోని అపాయములని మనమనుకొందుము. అవి మెండుగా ఉన్నవి, నేను తక్కువ చేయను. అయితే దుష్టుడు ఒక్కడును లేకయే కీడు జరుగుట కలదు. థాయ్‌లాండులో ఫీఫీ లే అను దీవిలో మాయా బే అను చిన్న సముద్రపు ఒడ్డున్నది. 2000 సంవత్సరములో వచ్చిన ఒక సినిమాలో అది కనబడుటచేత లోకమంతటినుండి యౌవనులు దానిని చూడవచ్చిరి. కొన్ని దినములలో 5,000 మంది వరకు అక్కడ దిగుచుండిరి. వారిలో దొంగ యెవడు? ప్రతివాడును ఒక గంట నిలిచి, ఒక ఫోటో తీసికొని పోయినవాడే. అయినను పడవల లంగరుల క్రింద, వేల పాదముల క్రింద అక్కడి పగడపు దిబ్బలు నశించినవి. 2018 జూన్‌లో ప్రభుత్వము ఆ తీరమును మూసివేసి, పగడములు మరల నాటించి, 2022 జనవరిలో గాని తెరువలేదు. అప్పుడును పడవలు ఆ ఒడ్డునకు రాకూడదని, దీవికి వెనుకప్రక్క నిలువవలెనని నియమించిరి. "నేనొక్కడినే గదా" అని 5,000 మంది అనుకొన్నప్పుడు పగడము చచ్చును.

దూరపు దీవి మాట మనకెందుకని అనవద్దు. మన అరకు లోయలో గిరిజన స్త్రీలు థింసా ఆడుచుండగా పట్నమునుండి వచ్చినవారు ఫోన్లు పైకెత్తి నిలుచుట చూచినవారు మనలో ఉన్నారు. మన ఊరి కాలువలో బట్టలుతుకుచున్న మన అక్కచెల్లెండ్రను ఎవడో పరదేశి అడుగక ఫోటో తీసికొని నవ్వుచు పోయినచో మనకెట్లుండును? మనుష్యులు మీకేమి చేయవలెనని కోరుదురో దానినే వారికి చేయుడని ప్రభువు చెప్పిన ధర్మమునకు దేశపు సరిహద్దు లేదు. అక్కడ గది ఊడ్చు స్త్రీ కూడ ఒక పల్లెనుండి వచ్చినదే. ఆమె ఇంటిలోను పిల్లల ఫీజులున్నవి, ముసలి తల్లి యున్నది. ఆమె మన అక్కవంటిది.

ఇక కుమార్తెల మాట. కుమారుడు పోవుదునన్నచో "జాగ్రత్త నాయనా" అందుము. కుమార్తె పోవుదునన్నచో "దీనా కథ చదువలేదా?" అందుము. ఆదికాండము ముప్పదినాలుగవ అధ్యాయములో దీనా ఆ దేశపు స్త్రీలను చూడవెళ్లెను, నిజమే. అయితే చెడ్డకార్యము చేసినవాడు షెకెము. వాక్యము అతని క్రియనే అవమానకరమైనదిగా ఎంచుచున్నది, దీనాను నిందించుట లేదు. వాక్యము మోపని నిందను మనమేల మోపవలెను? జాగ్రత్త చెప్పుడి, తోడు ఎవరో అడుగుడి, బస ఎక్కడో వ్రాసి ఇమ్మనుడి. అయితే ఆ మాటలు కుమారునికిని కుమార్తెకును సమానముగా చెప్పుడి. కుమారునికి మరియొక మాట అధికముగా చెప్పుడి: షెకెమువలె ఉండకుము, అని.

డబ్బు విషయము దాచకూడదు. అప్పుచేసి, వాయిదాలమీద సెలవు కొనుట బుద్ధికాదు. అయిదు దినముల సంతోషమును పండ్రెండు నెలలు తీర్చువాడు సంతోషమునకు దాసుడగును. చెల్లింపవలసిన బాకీ తండ్రి తలమీద నుండగా, దానిని ఎరిగియు పోవు బిడ్డకు ఆ సముద్రము ఏమి తీపి? అయితే తల్లిదండ్రులారా, మీకును ఒక మాట. బిడ్డ జీతము మీ పొలము పంట కాదు. ఇంటి పాలు ఇచ్చి, బాకీ తీర్చి, దేవుని కానుక ప్రక్కన పెట్టి, మిగిలినది కూడబెట్టుకొని అడుగు బిడ్డను ఏడ్పించి ఆపుట ప్రేమ కాదు.

మరియొకటి. అతిథి మొదటి ధర్మము గుమ్మమునొద్ద సత్యము చెప్పుట. చూడ వచ్చితినని చెప్పి వీసా పుచ్చుకొన్నవాడు చూచి తిరిగిరావలెను. "సందర్శకుల వీసామీద రండి, ఉద్యోగము మేమిప్పించెదము" అని చెప్పు దళారిని నమ్మవద్దు. ఇట్టి మాటలు నమ్మి కంబోడియాకు పోయిన అనేకులు, వారిలో మన విశాఖపట్టణము ప్రాంతపువారు, అక్కడ బంధింపబడి, ఫోన్లలో ఇతరులను మోసగించు పనికి బలవంతపెట్టబడిరని 2024లో బయటపడినది. సెలవులో కొంత పనియు చేసికొనదలచువారికి సక్రమమైన ద్వారములు కలవు. ఆస్ట్రేలియా ప్రభుత్వము 18 మొదలు 30 ఏండ్ల భారతీయులకు ఏటికి 1,000 మందికి అట్టి వీసాను 2024లో ప్రారంభించినది. ద్వారముండగా గోడ దూకనేల?

కావున పోవలెనా, మానవలెనా అని నన్నడుగు యౌవనులకు నేనిచ్చు జవాబు ఇది. నీ బాకీలు తీరినవా? నీ నోట సత్యమున్నదా? నిన్నెరుగనివారి మధ్య, నిన్నెరిగినవారి మధ్య నున్నట్లే ఉండగలవా? ఉండగలిగితివా, పొమ్ము, దేవుడు చేసిన సముద్రమును చూచి సంతోషింపుము. ఉండలేనిచో దూరదేశమునకు పోనక్కరలేదు, పొరుగూరి తిరునాళ్లే నీకు దూరదేశము.

తల్లిదండ్రులారా, బిడ్డ తిరిగివచ్చిన దినమున ఫోటోలన్నియు చూడుడి, తెచ్చిన మిఠాయి తినుడి. తరువాత ఒక ప్రశ్న అడుగుడి: "నీకు అన్నము వడ్డించినామె పేరేమి, నాయనా?" పేరు చెప్పగలిగినచో అతడు ఆ దేశమును చూచినాడు. చెప్పలేనిచో సముద్రమును మాత్రమే చూచినాడు.

పరదేశిగా బేత్లెహేము చేరిన రూతును కాచిన దేవుడు మన బిడ్డలను వారి రాకపోకలయందు కాచును గాక. ఆమేన్.