ఎప్పుడు ఆగింది?

సోలాపూర్ సాఖర్ పేటలో మా సందు ఎంత ఇరుకంటే, వ్యాన్ వచ్చిందంటే అరుగుల మీద బీడీలు చుట్టుకునే ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకోవాలి. ఆ వ్యాన్ మా బావది. ముందు సీటు ఎత్తితే కింద ఇంజన్ కనిపించే పాత రకం. అక్కల్‌కోట్ రోడ్డు ఎమ్ఐడీసీ కారఖానాల నుంచి తువ్వాళ్ళ మూటలు, చద్దర్ల మూటలు తేవడం, నెలకు రెండుసార్లు హైదరాబాద్ పోయి రావడం దాని పని. ఆ మూడు వందల కిలోమీటర్ల మీదే మా అక్క ఇల్లు నడుస్తుంది.

ఆ బండికి ఒక జబ్బు పట్టుకుంది. బాగా నడుస్తున్నది కాస్తా తన్నుకోవడం మొదలుపెట్టేది. చెక్ లైటు వెలిగేది. రెండు ఫర్లాంగులు పోయేసరికి ఇంజన్ ఆగిపోయేది. పావుగంట ఆగి తాళం తిప్పితే మళ్ళీ మామూలే. మెకానిక్ ముందు నిలబెడితే రోజంతా తిప్పినా ఒక్కసారీ ఆగదు. కాయిల్ మార్చారు. ప్లగ్గులు, పెట్రోల్ పంపు మార్చారు. చివరికి ఎక్కడో పాత సామాన్ల దుకాణంలో దొరికిన కంప్యూటర్ పెట్టె కూడా మార్చారు. మార్చిన ప్రతిసారీ వారం పది రోజులు బాగా నడిచేది. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకునేవాళ్ళం. పదకొండో రోజు రాత్రి ఉమర్గా దగ్గర నుంచి ఫోన్ వచ్చేది.

పాత బండి కాబట్టి స్కానర్ తగిలించే వీలు లేదు. రెండు పిన్నుల మధ్య చిన్న వైరు ముక్క పెడితే చెక్ లైటే మినుకుతుంది. ఆ మినుకులు లెక్కపెట్టుకొని, పట్టీలో చూసుకొని, ఏ సెన్సారో తెలుసుకోవాలి. ఇంజన్ నీళ్ళ వేడి కొలిచే సెన్సార్ అని వచ్చింది. మార్చారు. నెల తిరక్కుండా మళ్ళీ అన్నే మినుకులు. ఆ లైటు అబద్ధం చెప్పలేదు. అక్కడి నుంచి వస్తున్న అంకె తప్పుగా ఉందని మాత్రమే చెప్పింది. సెన్సారే చెడిపోయిందని చదువుకున్నది మేము.

ఆ రోజుల్లోనే మా పక్కింటి జాబర్ మామ ఒక మాట అడిగాడు. మిల్లుల్లో, కారఖానాల్లో మగ్గాలు బిగించి, చెడితే సరిచేసే మనిషిని మా దగ్గర జాబర్ అంటారు. మామ నలభై ఏళ్ళు జకార్డు మగ్గాల మీద పనిచేశాడు. ఇంజన్ సంగతి ఆయనకు తెలియదు. ఆయన అడిగింది ఇంతే: "అల్లుడా, ఎప్పుడెప్పుడు ఆగిందో రాసిపెట్టినవా?"

"ఎండకు ఆగుతుంది మామా."

"ఎండకని ఎవరు జెప్పిన్రు? నువ్వు జూసినవా?"

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే జకార్డు గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఫ్రాన్స్‌లో జోసెఫ్ మారీ జకార్డ్ 1804లో చేసిన పరికరం అది. అట్ట కార్డులకు చిల్లులు ఉంటాయి. చిల్లు ఉన్న చోట సూది లోపలికి పోతుంది, దానికి చెందిన కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది. చిల్లు లేకపోతే పోగు కిందే ఉండిపోతుంది. సోలాపూర్ చద్దరు మీది నెమళ్ళు, పూలు అలా పుడతాయి. బొమ్మలో తప్పు పడితే కొత్త పనివాడు మగ్గం విప్పబోతాడు. జాబర్ మామ ముందు బట్టను పరుచుకొని చదివేవాడు. తప్పు పొడుగునా ఒకే గీతగా పోతే కొక్కెమో, దాని కింది తాడో. బొమ్మ తిరిగి వచ్చినప్పుడల్లా ఒకే చోట వస్తే కార్డు. ఏ వరసా లేకుండా పోగులు తెగుతుంటే మగ్గాన్ని వదిలి గాలిని చూడాలి. మా ఎండాకాలపు పొడి గాలికి నూలు పెళుసవుతుంది, నేల మీద నీళ్ళు చల్లితే సగం గోల తగ్గుతుంది. తప్పు ఎప్పుడు వస్తుందో తెలిస్తే ఎక్కడుందో తెలిసినట్టే. అంతవరకు మగ్గం మీద చెయ్యి వెయ్యకూడదని ఆయన పట్టు.

బావ లెక్కల పుస్తకం వెనక పేజీలో రాయడం మొదలుపెట్టాడు. తేదీ, వేళ, ఊరు, లోడు. నాలుగు నెలల్లో పదకొండు సార్లు. ఒక ఆదివారం మామ అరుగు మీద కూర్చుని ఆ పేజీ చదివాం. తొమ్మిది సార్లు చీకటి పడ్డాక ఆగింది. రెండు సార్లు పగలే, కానీ వానలో. ఏప్రిల్ నెల నలభై రెండు డిగ్రీల ఎండలో, మిట్టమధ్యాహ్నం, నల్‌దుర్గ్ దాకా నిండు లోడుతో పోయినప్పుడు ఒక్కసారీ ఆగలేదు. మా ఊళ్ళో ఏం జరిగినా ఎండ మీదికి తోసేయడం అలవాటు. ఆ అలవాటే మా కళ్ళు కప్పింది. వానలో బావ ఏం చేస్తాడు? హెడ్‌లైట్లు వేసుకుంటాడు. పదకొండు సార్లూ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం వైరింగ్ మిస్త్రీని పిలిపించాం. ఆయన సీటు ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా మల్టీమీటర్ ముల్లు ఒకటి బ్యాటరీ మైనస్‌కు, ఇంకొకటి బండి బాడీకి ఆనించాడు. రెండూ ఒకటే కావాలి, అంటే మీటరు ఇంచుమించు సున్నా చూపించాలి. చూపించింది కూడా. "లైట్లు వెయ్యండి" అన్నాడు. అంకె కదిలింది. 0.9. కాసేపటికి 1.1. ఎవ్వరం మాట్లాడలేదు.

ఆ తరహా బండిలో బ్యాటరీ మైనస్ నుంచి రెండు తీగలు పోతాయి. లావుది ఇంజన్‌కు, సన్నది బాడీకి. లైట్ల కరెంటంతా ఆ సన్న తీగ మీదుగానే తిరిగి రావాలి. రెండు హెడ్‌లైట్లు కలిసి దాదాపు పది ఆంపియర్లు. తీగలో ఓమ్‌లో పదో వంతు అడ్డు ఏర్పడినా చాలు, అక్కడ ఒక వోల్టు నిలిచిపోతుంది. మా బావ బండిలో కంప్యూటర్ తన సున్నాను బాడీ నుంచి తీసుకుంటుంది. వేడి సెన్సార్ తన సున్నాను ఇంజన్ నుంచి తీసుకుంటుంది. ఐదు వోల్టుల లోపల మాట్లాడుకునే ఆ ఇద్దరి మధ్య ఒక వోల్టు తేడా వస్తే, సెన్సార్ నిజమే చెప్పినా కంప్యూటర్‌కు తప్పుగానే వినబడుతుంది.

సన్న తీగ మీద చెయ్యి పెట్టి పోతుంటే ఒకచోట నల్ల టేపు చుట్ట తగిలింది. విప్పితే లోపల ఎప్పుడో, ఎవరో మెలిపెట్టి కలిపిన అతుకు. రాగి పచ్చటి పొడి అయిపోయింది. అన్ని పోగుల్లో నాలుగైదే మిగిలాయి. ఏ భాగం మార్చినా వారం పది రోజులు ఎందుకు బాగుండేదో కూడా అప్పుడే తెలిసింది. ప్రతి పనికీ ముందు బ్యాటరీ తీగలు విప్పేవాళ్ళు, మళ్ళీ బిగించేవాళ్ళు. ఆ కదలికకు అతుకులోని పోగులు కాస్త సర్దుకునేవి. మేం డబ్బు పెట్టి కొన్న ప్రతి సామానూ ఆ సర్దుబాటు పుణ్యాన పనిచేసినట్టు కనిపించింది.

మా నాయిన కుర్చీలో నుంచి లేచి వచ్చి ఆ ముక్క చేతిలోకి తీసుకున్నాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు అచ్చులు అతికేవాడు. వేళ్ళకు బూడిద అద్దుకొని, పాత పడుగు కొసకు కొత్త పడుగు కొస మెలిపెట్టి, వేల పోగులు ఒక్కొక్కటే. ఆ వేళ్ళతోనే రాగి మెలికను నలిపి చూశాడు. పొడి రాలింది. "ఇది అతుకా?" అన్నాడు.

"మిస్త్రీ కొత్త తీగ ఏస్తుండు మామా" అన్నాడు బావ.

"నేను తిన్న, నువ్వు తిను పో" అన్నాడు నాయిన.

మామూలు రోజైతే మేం నవ్వి ఊరుకునేవాళ్ళమో, విసుక్కునేవాళ్ళమో. కొన్నేళ్ళుగా ఆయనతో మాకిదే తంటా. అడిగినదానికి సంబంధం లేని జవాబు, లేకపోతే ఉలుకూ పలుకూ ఉండదు, గట్టిగా అంటే కోపం. మొండితనం ముదిరిందని అక్క, వయసని అమ్మ, నామీద ఏదో మనసులో పెట్టుకున్నాడని నేను. ఎవరికి తోచిన భాగం వాళ్ళం మార్చి చూశాం. నెమ్మదిగా మాట్లాడాం, అరిచి మాట్లాడాం, కొన్నాళ్ళు మాట్లాడటమే మానేశాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జాబర్ మామ ప్రశ్న చెవిలో తిరుగుతోంది. ఎప్పుడు?

రాసిపెట్టాను. ఇంట్లో మనిషి గురించి కాగితం మీద రాయడం మొదట సిగ్గనిపించింది. వారం తిరిగేసరికి సిగ్గు పోయింది. తెల్లవారుజామున నాయిన చక్కగా మాట్లాడుతున్నాడు. వెనక సందులోని సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిన రోజు మనవరాలితో గంటసేపు కబుర్లు చెప్పాడు. సాంచాలు నడుస్తున్నప్పుడు, టీవీ పెట్టినప్పుడు, నలుగురం ఒక్కసారి మాట్లాడినప్పుడే తప్పుతున్నాడు. మనవరాలి సన్నని గొంతు అసలు అందడం లేదు, బావ బొంగురు గొంతు కొంత అందుతోంది.

చెవి డాక్టరు పరీక్ష చేసి గీసిన గీతలో సన్న శబ్దాల వైపు పెద్ద గుంట పడింది. సాంచాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్స్ దాటడం మామూలే. ఫ్యాక్టరీల నియమాల ప్రకారం ఎనిమిది గంటల పనికి అదే హద్దు. నాయిన పన్నెండు గంటల పాళీలు చేసినవాడు. ఏళ్ళ తరబడి అందులో ఉంటే ముందు పోయేవి సన్న శబ్దాలు. మన మాటల్లో స, త, క లాంటివి వాటిలోకి వస్తాయి. అచ్చులు మిగులుతాయి. అంటే ఎవరో పిలిచారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. బావ "తీగ" అన్నాడు, నాయినకు "తిన" అని అందింది. ఆయన జవాబు సరైనదే. తన దాకా వచ్చిన ప్రశ్నకు ఆయన జవాబు చెప్పాడు.

ఆ ఏళ్ళు ఆయన ఎంత ఒంటరిగా గడిపాడో తలుచుకుంటే నాకిప్పటికీ గొంతు పట్టుకుంటుంది. నారళి పున్నమికి మార్కండేయ మహాముని రథం వెంట పేటంతా నడుస్తుంటే ఆయన అరుగు దిగేవాడు కాదు. భక్తి తగ్గిందనుకున్నాం. ఆ డోళ్ళ మోతలో పలకరించిన వాళ్ళకు తిరిగి పలకలేక ఇంట్లోనే కూర్చున్నాడని ఎవ్వరం అనుకోలేదు.

వ్యాన్‌కు రెండు అడుగుల కొత్త తీగ, రెండు లగ్గులు పట్టాయి. మిస్త్రీ వాటిని నొక్కి బిగించి, బాడీ మీద బోల్టు చోట తుప్పు గీకి, గ్రీజు రాశాడు. ఇప్పటికి రెండు వానాకాలాలు గడిచాయి, బండి దారిలో ఆగలేదు. నాయిన చెవికి మిషన్ పెట్టుకుంటున్నాడు. అలవాటు కావడానికి మూడు నెలలు పట్టింది.

మీ ఇంట్లో సాంచాల మీద పనిచేసి వచ్చిన పెద్దవాళ్ళు ఉంటే, సోలాపూర్‌లో గానీ, భీవండిలో గానీ, సిరిసిల్లలో గానీ, ఈ నెలలోనే ఒక పూట పని మానుకొని వాళ్ళ చెవులు పరీక్ష చేయించండి.