నాబోతు తోట, అతవాల్పా బంగారము

పఠనభాగము: రాజులు మొదటి గ్రంథము 21:1–20



నాబోతు కథ మనమందరము ఎరిగినదే. అయినను ఈ మారు దానిని చదువుచుండగా ఒక సంగతి మా మనస్సును పట్టుకొనెను. యెజెబెలు మొదట పంపినది కత్తి కాదు, ఉపవాసదినపు చాటింపు. దేవుని పేరట సభ కూడెను, దేవుని పేరట నేరము మోపబడెను, పిమ్మట రాళ్లు పడెను.

పెరూ దేశమందలి కహమార్కా పట్టణములోను ఇట్లే జరిగెను. అది 1532 నవంబరు 16వ తేదీ. స్పెయిను దేశపు దళపతియైన పిజారో 168 మందితో నడిమైదానము చుట్టునున్న ఇండ్లలో పొంచియుండెను. ఇంకా అను జాతివారి చక్రవర్తి అతవాల్పా, వేలకొలది పరివారముతో పల్లకిలో వచ్చెను. అప్పుడు వాల్వెర్దే అను సన్యాసి సిలువను, ఒక గ్రంథమును చేతబట్టుకొని ఎదురేగి, క్రీస్తును గూర్చియు స్పెయిను రాజును గూర్చియు దుబాసిచేత ఒక్క ఊపున చెప్పించెను. ఆ గ్రంథము బైబిలని కొందరు, ప్రార్థన పుస్తకమని కొందరు వ్రాసిరి. ఇంకా జనులకు పుస్తకములు లేవు. వారి లెక్కలన్నియు దారపు ముడులలోనే. అతవాల్పా దానిని తీసికొని చూచి నేలను పడవేసెను. సన్యాసి కేకవేసెను. తుపాకులు ప్రేలెను, గుఱ్ఱములు దూకెను. ప్రొద్దు గ్రుంకులోగా వేలమంది కూలిరి. స్పెయినువారిలో ఒక్కడును చావలేదు.

ఇంత కొద్దిమంది అంత రాజ్యమును ఎట్లు గెలిచిరి? గుఱ్ఱములు, ఉక్కు కత్తులు అందురు. నిజమే గాని అది కొంత మాత్రమే. వారికంటె ముందుగా వారి తెగులు వెళ్లెను. మన పెద్దలు అమ్మవారని పిలిచిన మశూచికమే అతవాల్పా తండ్రిని చంపియుండునని చరిత్రకారులు తలంతురు. తండ్రి పోగానే అన్నదమ్ములు సింహాసనమునకై పోరాడి దేశమును రెండుగా చీల్చిరి. గట్టు తగవులెరిగిన మన ఊళ్లవారికి ఇది వివరించి చెప్పనక్కరలేదు. అంతకుముందు 1521లో మెక్సికో పట్టణము పడినప్పుడును, కోర్టేజు వెంట నడిచినవారిలో అత్యధికులు త్లాష్కాలా మొదలగు ఆ దేశపు జనులే.

అతవాల్పా తన విడుదలకై ఒక గదిని ఒకసారి బంగారముతోను, రెండుసార్లు వెండితోను నింపింతుననెను. అది 22 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పుగల గది. సొమ్ము వచ్చెను, విడుదల రాలేదు. 1533 జూలైలో అతనిని సజీవముగా కాల్చవలెనని తీర్పు చెప్పిరి. బాప్తిస్మము పొందినయెడల గొంతు బిగించి చంపెదమనిరి. చనిపోయిన రాజుల దేహములను భద్రపరచు జాతి వారిది. కాలి బూడిదయగుట వారికి మహా భయంకరము. అతడు బాప్తిస్మము పొందెను. గొంతు బిగించిరి.

బాప్తిస్మపు నీటియొద్ద నిలుచు మాకు ఇది చదువుట కష్టముగా నున్నది. అభ్యర్థిని మేము ప్రశ్నలడుగుదుము. ఆ రాత్రి అతనిని ఏమి అడిగిరో!

ఇది రోమను సంఘమువారి పాపమని మనము తప్పించుకొనరాదు. 1637లో న్యూ ఇంగ్లండులోని ప్రొటెస్టెంటు విశ్వాసులే పీకటు జాతివారి కోటగ్రామమును నిప్పుపెట్టి, దేవునికి స్తోత్రము చెల్లించిరి.

అయితే ఏలీయా లేకపోలేదు. కహమార్కాకు ముందే, 1511 డిసెంబరులో, హిస్పానియోలా ద్వీపమున మాంటెసీనోసు అను దొమినికను సన్యాసి ప్రసంగపీఠమెక్కి, అక్కడి జనులను గనులలో చంపుచున్న దొరల ముఖముననే, మీరు ఘోర పాపములో నున్నారని చెప్పెను. వీరు మనుష్యులు కారా యని అడిగెను. దొరలు మండిపడి మఠమునకు పోయి, వచ్చే ఆదివారము ఆ మాట వెనుకకు తీసికొనవలెనని పట్టుబట్టిరి. ఆదివారము వచ్చెను. గుడి నిండెను. అతడు మరల పీఠమెక్కి, మొదటికంటె గట్టిగా అదే మాట చెప్పెను.