చలానా కట్టడమా, కాదనడమా?

ట్రాఫిక్ చలానా పడగానే చాలామంది వేసే మొదటి లెక్క డబ్బుది. హెల్మెట్ లేనందుకు 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం చెప్పే జరిమానా 1,000 రూపాయలు. దాని కోసం పని మానుకుని కోర్టు చుట్టూ తిరగడం గిట్టదని కొందరు కట్టేస్తారు. ఎప్పటికైనా రాయితీ ఇస్తారులే అని కొందరు ఆగుతారు. ధర్మశాస్త్రం ముందుగా అడిగేది వేరు: ఆ తప్పు జరిగిందా, లేదా?

జరిగి ఉంటే దండం ప్రాయశ్చిత్తంతో సమానం. తప్పు చేసి రాజదండన అనుభవించినవాడు నిర్మలుడై, పుణ్యాత్ముల్లాగే స్వర్గానికి వెళ్తాడని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం అంటుంది. మహాభారతం శాంతిపర్వంలోని శంఖలిఖితుల కథ ఈ భావాన్ని చివరికంటా తీసుకెళ్తుంది. బాహుదా నది ఒడ్డున అన్నదమ్ములవి వేర్వేరు ఆశ్రమాలు. అన్న శంఖుడు లేని వేళ లిఖితుడు వెళ్లి అతని చెట్టు పండ్లు కోసుకు తింటాడు. ఇంకా తింటుండగానే అన్న తిరిగొస్తాడు. అడగకుండా తీసుకున్నది దొంగతనమే, రాజు దగ్గరికి వెళ్లి శిక్ష అడుగు అంటాడు. దండించే అధికారం ఉన్నవాడికి క్షమించే అధికారమూ ఉంటుందని సుద్యుమ్న మహారాజు వదిలేయబోతాడు. లిఖితుడు ఒప్పుకోడు, చేతులు నరికించుకుని తిరిగొస్తాడు. అన్న చెప్పినట్టు నదిలో మునిగి తర్పణానికి సిద్ధపడితే చేతులు మళ్లీ వస్తాయి. ఈ శుద్ధి నువ్వే ముందుగా ఎందుకు చేయలేదని తమ్ముడు అడిగితే, దండించే అధికారం తనది కాదని శంఖుడు జవాబిస్తాడు.

ఆ శిక్ష ఘోరమైనదే, నేడు ఎవరూ దాన్ని సమర్థించలేరు. అయినా పండ్ల విలువ ఎంతన్నది కథకు పట్టలేదన్నది గమనించాలి. హెల్మెట్ లేకుండా బండి నడిపిన సంగతి తనకు తెలిసినప్పుడు, ఫొటో మసకగా ఉందని వాదించడం చట్టం ఇచ్చిన హక్కు కావచ్చు, మనసుకు మాత్రం అది సాకే. రాయితీ కూడా ఇలాంటిదే. తెలంగాణలో 2023 డిసెంబరులో పెండింగ్ చలానాలపై ద్విచక్ర వాహనాలకు 80 శాతం తగ్గించారు. దాన్ని వాడుకోవడం తప్పు కాదు. అది వస్తుందనే ధీమాతో మళ్లీ మళ్లీ సిగ్నల్ దాటేవాడు మాత్రం దండాన్ని బేరంగా మార్చేసుకున్నాడు. ఇక రసీదు లేకుండా ఎవరి చేతిలోనో కొంత పెట్టి బయటపడటం కట్టడమూ కాదు, కాదనడమూ కాదు. అది రెండో తప్పు.

తప్పు జరగనప్పుడు సంగతి పూర్తిగా వేరు. ఫోన్‌లో చలానా తెరిస్తే ఫొటోలో నల్ల బైకు, వెనక కూర్చున్నవాడి ఒడిలో బియ్యం సంచి. చలానా వచ్చినవాడిదేమో ఎర్ర స్కూటరు. నెంబరు ప్లేటు మీద మట్టి అంటి 3 కాస్తా 8 అయింది. ఇక్కడ ఊరుకుని కట్టేస్తే అసలు తప్పు చేసినవాడికి కబురే అందదు, రికార్డులో అబద్ధం నిజంగా నిలిచిపోతుంది. దండించకూడని వారిని దండించిన రాజు నరకానికి పోతాడని మనువే అన్నాడు కాబట్టి, తన బండి ఫొటో జతచేసి ఫిర్యాదు పెట్టడం తగాదా కాదు. పాలకుణ్ణి పాపం నుంచి తప్పించడం. వీలున్నవాడు ఆ పని చేసి తీరాలి.

వీలులేనివాడి మాటేమిటి? ఒక పూట ఆటో ఆపితే ఇంట్లో పొయ్యి వెలగనివాడు, తనది కాని చలానా కట్టేసినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఆ భారం వసూలు చేసినవారిది. అన్యాయంగా తీసుకున్న దండానికి రాజు ముప్పై రెట్లు వరుణుడికి నివేదించి, బ్రాహ్మణులకు ఇచ్చేయాలని యాజ్ఞవల్క్యస్మృతి విధించింది. ఆ ముప్పై రెట్ల సొమ్మును ముందు నీళ్లలోనే వేయమంది కౌటిల్యుని అర్థశాస్త్రం. రాజులను దండించే దేవత వరుణుడు గనుక ఆ సొమ్ము తిరిగి ఖజానాలో చేరకూడదు.