క్రియ ఎవరిది?

"ఆటే కదా, ఎందుకంత సీరియస్‌గా తీసుకుంటారు?" అనే మాట స్త్రీలకు కొత్త కాదు. జోకుల విషయంలో, సినిమా పాటల విషయంలో, ఆఫీసుల్లో జరిగే 'సరదా'ల విషయంలో ఎన్నోసార్లు విన్నాం. నేను ఈ మాటను ఈ మధ్య మరోచోట విన్నాను. అక్కడ మనుషులు కనపడరు, గొంతులు వినపడవు. ఉన్నవన్నీ వాక్యాలే. అందుకే సాహిత్యం చదువుకున్నదానిగా ఆ సంగతి తేలిగ్గా వదిలెయ్యలేకపోయాను.

రోల్ ప్లేయింగ్ గేమ్స్ తెలియనివారి కోసం రెండు మాటలు. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను తెచ్చారు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, అందరూ కలిసి ఒక కథను నోటితో నడుపుతారు. గేమ్ మాస్టర్ ఆ లోకాన్ని వర్ణిస్తారు. ఏ ప్రయత్నం ఫలిస్తుందో పాచికలు చెబుతాయి. ఆ బల్ల ఇప్పుడు చాలామందికి కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. మా బృందంలో ఐదుగురం. ఆదివారం రాత్రి నలుగురం హైదరాబాదులో, ఒకామె పొద్దున్నే కాఫీ తాగుతూ డాలస్‌లో, తెలుగులో టైప్ చేస్తూ ఆడతాం.

ఈ ఆటలో స్త్రీ శరీరం మొదటినుంచీ నియమాలకు లోబడే ఉంది. 1978లో వచ్చిన 'అడ్వాన్స్‌డ్' ఆట నియమాల పుస్తకంలో స్త్రీ పాత్ర బలానికి పురుష పాత్ర కంటే తక్కువ గరిష్ఠ పరిమితి పెట్టారు. 1989 నాటి రెండో కూర్పులో దాన్ని తీసేశారు. నిప్పులు కక్కే డ్రాగన్‌ను ఊహించగలిగిన మనసు, మగవాడంత బలమున్న ఆడదాన్ని ఊహించడానికి జంకింది! 'వాస్తవికత' అనే మాట ఎవరికి అవసరమైన చోట వాళ్లకు ఎలా అందివస్తుందో చూడండి.

చాట్‌లో ఆడేటప్పుడు ఆ శరీరం పూర్తిగా మాటలతోనే తయారవుతుంది. బల్ల దగ్గరైతే ముఖం చిట్లించవచ్చు, కుర్చీ వెనక్కి జరపవచ్చు. చాట్‌లో రాసిందే జరిగింది. కొన్ని మాటలు పనిని వర్ణించవు, తామే పని చేస్తాయని తత్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ చెప్పిన విషయం మనకు తెలిసిందే. ఈ ఆటలో ప్రతి వాక్యమూ అలాంటిదే. వ్యాకరణంలో క్రియ, లోకంలో క్రియ ఇక్కడ ఒకటైపోతాయి.

మా ఆటలోకి కొత్తగా వచ్చిన ఒకతను యోధుడి పాత్ర తీసుకున్నాడు. నాది గూఢచారిణి పాత్ర. ఒక రాత్రి అతను ఇలా రాశాడు: "అతను ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. ఆమె సిగ్గుతో తలదించుకుంది."

కథ ఆపి అడిగాను: "నా పాత్ర సిగ్గుపడిందని మీరెలా రాశారండీ?"

"ఆటే కదండీ, సీన్ బాగుంటుందని."

గేమ్ మాస్టర్‌ని మేమందరం అక్కా అంటాం. ఆమె నింపాదిగా టైప్ చేసింది: "బాబూ, చెయ్యి చాచడం వరకే నీది. సిగ్గు ఆమెది. పడాలో వద్దో ఆమెనే రాయనీ."

రెండు వారాల తర్వాత డాలస్‌లో ఉన్న స్నేహితురాలు అతని కత్తి విరిగిందని రాసేసింది. పాచిక వెయ్యకుండా ఎలా రాస్తారని అతను అరగంట వాదించాడు. న్యాయమైన వాదనే. కాకపోతే ఆ రోజు అతనికి 'ఆటే కదా' అన్న మాట గుర్తు రాలేదు.

ఈ సంగతి చెప్తే ఒక రచయిత మిత్రుడు, "నవలాకారుడు అందరి సిగ్గూ భయమూ రాస్తాడు కదా, దానికీ అనుమతి కావాలా?" అన్నాడు. పురుషులు రాసిన స్త్రీల సిగ్గు మీద మనం చాలా ప్రశ్నలే వేశాం, అది వేరే చర్చ. నవలలో పాత్ర వెనక మరో మనిషి కూర్చుని లేదు. ఇక్కడ ఉంది. ఆమె కూడా రచయితే.

1993లో లాంబ్డామూ అనే టెక్స్ట్ లోకంలో జరిగింది ఇదే పని, చాలా క్రూరమైన రూపంలో. ఒక సభ్యుడు ఒక ప్రోగ్రామ్ సాయంతో, ఇతరుల పాత్రలు తమంతట తాము చేస్తున్నట్టు లైంగిక హింసా వాక్యాలు అందరి ముందూ తెర మీద కనపడేలా చేశాడు. జూలియన్ డిబెల్ దాని గురించి 'విలేజ్ వాయిస్' పత్రికలో రాశాడు. అక్కడ ఎవరి ఒంటి మీదా దెబ్బ పడలేదు. వాళ్ల పేరు కర్తగా, వాళ్లది కాని క్రియ తెర మీద నిలిచింది. అవమానం అక్కడుంది.

అయితే ఆటలో హింస ఉండకూడదని నా వాదన కాదు. మాలో ఒకామె, భర్త కొట్టే ఇంటినుంచి పారిపోయే స్త్రీ పాత్రను కావాలనే ఎంచుకుంది. ఏది చూపాలో, ఏది తెర వెనక జరగాలో ముందే చెప్పింది. రాన్ ఎడ్వర్డ్స్ 2003లో ప్రతిపాదించిన 'లైన్స్ అండ్ వెయిల్స్' పద్ధతి ఇలాంటిదే. దాటకూడని గీతలు కొన్ని, ముసుగు వెయ్యాల్సిన దృశ్యాలు కొన్ని. అదే హింస ఆమె చేతిలో కథ అయింది. ఇంకొకరు ఆమె మీద రాసి ఉంటే మళ్లీ హింసే అయ్యేది.

తెలుగులో ఆడడంవల్ల ఇంకొకటి గమనించాను. 'నేను వచ్చాను' అన్నప్పుడు ఆడా మగా తేడా లేదు. 'ఆమె' అనగానే 'వచ్చింది'. రాక్షసి పిల్లీ వచ్చింది, బండీ వచ్చింది. మనిషిగా లెక్కలోకి రావాలంటే గౌరవవాచకం తెచ్చుకోవాలి. కానీ ఇదే భాషలో ఒక మంచి ప్రత్యయమూ ఉంది. 'పట్టుకున్నాను' అంటే అయిపోయింది. 'పట్టుకోబోయాను' అంటే అవతలి మనిషి జవాబుకి చోటు ఉంది. ఇప్పుడు మా ఆటలో ఎదుటి పాత్రను తాకే ప్రతి వాక్యమూ 'బోయాను'తోనే ముగియాలి. ఆ తర్వాతి వాక్యం పాచికదో ఎదుటివాళ్లదో అవుతుంది. దీనివల్ల ఆట చప్పబడుతుందేమో అనుకున్నాం. ఏం జరుగుతుందో రాసేవాళ్లకే తెలియక, ఉత్కంఠ పెరిగింది.

ఒక ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. మా కథలో ఊళ్లున్నాయి, సేవకులున్నారు, మేం సునాయాసంగా చంపేసే గాబ్లిన్లున్నాయి. వాటి తరఫున కీబోర్డు ముందు ఎవరూ కూర్చుని లేరు, గేమ్ మాస్టర్ తప్ప. రాత్రిపూట తలుపు వేసుకునే గది, ఇంటర్నెట్టు, తీరిక ఉన్న ఐదుగురం మా క్రియల మీద హక్కు సాధించుకున్నాం. బల్ల దగ్గరికి రానివాళ్ల క్రియలు ఎవరు రాస్తున్నారన్నది స్త్రీవాదులుగా మనల్ని మనం ఆట బయట కూడా అడుక్కోవాల్సిన ప్రశ్న.