మరణమునకు సిద్ధపడుట అవిశ్వాసమా?

సమాధి యొద్ద పునరుత్థానమును గూర్చి ధైర్యముగా పాడు మనము, రోగి మంచము యొద్ద మరణమను మాటనే ఎత్తము. ఎవరైన ఎత్తినచో విశ్వాసము చాలలేదందుము. స్వస్థతకై ప్రార్థించుచున్న యింట వీలునామా వ్రాయవచ్చునా? వ్యాధి నయము కాదని వైద్యుడు చెప్పిన మాటను రోగికి దాచుట ప్రేమయేనా?

హిజ్కియా రాజు చరిత్రను చూడుడి. అతడు మరణించునని, తన యింటి సంగతులు సరిచేసికొనవలెనని యెషయా దాచక చెప్పెను. రాజు గోడతట్టు ముఖము త్రిప్పుకొని ప్రార్థించెను. అతని ఆయువునకు 15 సంవత్సరములు కూడెను. సత్యము ప్రార్థనకు అడ్డు రాలేదు. ప్రార్థన సత్యమునుండియే పుట్టెను. రోగికి సత్యమును దాచువారు అతని కడపటి ప్రార్థనను, కడపటి సమాధానపాటును కూడ దాచివేయుచున్నారు.

మరణమునకు సిద్ధపడుటను గూర్చి మార్టిన్ లూథరు 1519లో ఒక ప్రసంగమును ప్రచురించెను. దానిలోని వరుస గమనింపదగినది. మొదట ఆస్తి: వెనుక మిగులు బంధువులు తగవులాడకుండునట్లు దానిని స్పష్టముగా ఏర్పాటు చేయవలెను. పిమ్మట క్షమాపణ: ఇతరులను క్షమించి, తాను నొప్పించినవారిని క్షమింపుమని వేడుకొనవలెను. అటు తరువాతనే దృష్టిని దేవునివైపు త్రిప్పుమనెను. మరణమును ధ్యానించుటకు ఆరోగ్యదినములే తగినవనియు, మరణ ఘడియలో క్రీస్తునే చూడవలెననియు బోధించెను. పొరుగువాని ఋణము తీర్చుట భక్తికి వెలుపలి పని కాదని ఈ వరుస తెలుపుచున్నది. 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము మన వీలునామాకు వ్రాసినవాని సంతకము, ఇద్దరు సాక్షుల సంతకములు చాలును. ఆ చిన్న కాగితము లేక విడిపోయిన అన్నదమ్ములను మన సంఘములలోనే చూచుచున్నాము.

లూథరు ఎరుగని ప్రశ్న యొకటి మనకు కలదు. యంత్రము శ్వాసను నిలుపగలదు, ఎంతవరకు నిలుపవలెను? కోలుకొను ఆశ లేనప్పుడు అట్టి చికిత్స వద్దని ముందుగా వ్రాసియుంచు హక్కును 2018 మార్చి 9న మన సుప్రీంకోర్టు గుర్తించెను. 2023లో ఆ విధానమును సులభతరము చేసి, ఇద్దరు సాక్షులతోపాటు నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరించిన చాలుననెను. ఇది ప్రాణము తీయుట కాదా అని కొందరడుగుదురు. చంపుట వేరు, వచ్చుచున్న మరణమును ఇక అడ్డగింపకుండుట వేరు. అయితే బిడ్డలకు భారమైతినను దిగులుతో వ్రాసిన పత్రము స్వేచ్ఛతో వ్రాసినది కాదు. వృద్ధులకు ఆ దిగులు కలుగనీయకుండుట కుటుంబము యొక్కయు సంఘము యొక్కయు బాధ్యత. యంత్రమును మానవచ్చును, నొప్పి తగ్గించుట, నోరు తడుపుట, చేయి పట్టుకొనుట మానరాదు.

సిలువపై మన ప్రభువు మొదట తన తల్లిని శిష్యునికి అప్పగించెను. పిమ్మట తన ఆత్మను తండ్రికి అప్పగించెను. ఆయన సిద్ధపాటు అవిశ్వాసము కానప్పుడు మనది ఎట్లగును? కావున ప్రియ చదువరులారా, దేహములో బలముండగనే మీ వారిని కూర్చుండబెట్టుకొని ఈ సంగతులు మాటలాడుడి.